గొర్రెల సిరంజితో ఎర్ర ఆయిల్ తోడిన సంగతి

నా పేరు షార్షెన్. తండ్రి పేరు తోకెన్. వయసు డెబ్బై ఒకటి. ఆక్-తెరెక్ ఊళ్లో పాత పాలకేంద్రం వెనక సందులో నా ఇల్లు. చదువు ఏడో తరగతి. ముప్పై ఏళ్లు సమష్టి క్షేత్రం పాల లారీ నడిపాను. ఇప్పుడు కొన్ని గొర్రెలు, ఒక ఆవు ఉన్నాయి. ఈ సాయంత్రం నుంచి తాతను కూడా. ఆ చివరి మాట వృత్తి అన్నచోట రాయకూడదని లెఫ్టినెంటు ఆదిలెత్ అంటున్నాడు. రాసేశాను. కొట్టెయ్యను.

ఇది శనివారం సాయంత్రం మా ఊరి పోలీసు స్టేషనులో నా చేత్తో నేనే రాస్తున్న వాంగ్మూలం. "మీరు చెబుతుండండి తాతా, నేను రాసుకుంటాను" అన్నాడు లెఫ్టినెంటు. మంచి కుర్రాడే. కానీ అతని కలంలో పడితే నా మాటలు ఎండిపోతాయి. నా మనవరాలు పెద్దదై ఎప్పుడైనా ఈ కాగితం చూస్తే, మా తాత ఏం చేశాడో మా తాత గొంతుతోనే తెలియాలి. అందుకని కలం నేనే తీసుకున్నాను.

నా మీద ఫిర్యాదు చేసినవాడు బోలోత్. నా అల్లుడు మీర్లాన్‌కు అన్న. వాళ్ల నాన్న పోయాక ఆ ఇంటికి పెద్ద అతనే, కాబట్టి నాకు వియ్యంకుడి వరస. కనుమ అవతల సారీ-బులాక్‌లో ఉంటారు. నా కంటే పదమూడేళ్లు చిన్నవాడు. ఫిర్యాదులో అతను రాసినది లెఫ్టినెంటు నాకు చదివి వినిపించాడు. నేను అతని కారులోంచి ఆయిల్ దొంగచాటుగా తోడేశానట, కారును కదలకుండా చేశానట, నిండు గర్భిణి ప్రయాణాన్ని ఆపానట, పెద్దలు చేసిన దీవెనను గొర్రెల సిరంజితో పీల్చి పారేశానట.

మొదటిది నిజం. నేను తోడాను. రెండోదీ నిజమే. మూడోది కూడా నిజమే, ఆ మూడోదానికి దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నాను. నాలుగోది అబద్ధం. నాలుగోదానికి చట్టంలో సెక్షను లేదని లెఫ్టినెంటు అంటున్నాడు. లేకపోతే మానె, దాని సంగతి నేను రాస్తాను.

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా అమ్మాయి జిబెక్‌కు పెళ్లయి ఏడేళ్లు. ఏడేళ్ల తర్వాత కడుపు పండింది. ఎనిమిదో నెల దాటాక, అమ్మ చేతి మీగడ తినాలని ఉందంటే మీర్లాన్ మా ఇంట్లో దించి వెళ్లాడు. ఇంకో పదిహేను రోజుల్లో కాన్పు అనగా, నిన్న, అంటే శుక్రవారం, మధ్యాహ్నం మూడింటికి అన్నదమ్ములిద్దరూ ఆమెను తీసుకెళ్లడానికి వచ్చారు. బిడ్డ తన కప్పు కిందే పుట్టాలని వాళ్ల అమ్మ పట్టుబట్టిందట. ముసలావిడ కోరిక. దానికి నేను అడ్డు చెప్పలేదు. ఈ మాట లెఫ్టినెంటు గారు గీత గీసి పెట్టుకోవాలి. అమ్మాయిని పంపనని నేను ఒక్కసారి కూడా అనలేదు.

వాళ్లు వచ్చిన కారు బోలోత్‌ది. జపాను కారు, మా మిగతా కార్లలా కాక స్టీరింగు కుడివైపు. పాతదే కానీ అద్దంలా తుడిచి ఉంచుతాడు. మా సందులోకి తిరిగేటప్పుడు ఆ కారు మూలిగింది. మామూలు మూలుగు కాదు. మా ఆవు ఈనేటప్పుడు మూలిగినట్టు మూలిగింది. మా ఆవిడ సయ్‌రా పొయ్యి దగ్గర్నుంచి లేచి కొట్టం వైపు పరుగెత్తింది. గేటులో ఇంకోసారి తిప్పాడు, ఇంకోసారి మూలిగింది. స్టీరింగు చక్రం తిప్పడానికి బోలోత్ రెండు చేతులూ, భుజాలూ వాడుతున్నాడు.

"బావగారూ, మీ కారుకు నొప్పులొస్తున్నాయి" అన్నాను.

"దారి మంచిది కాదు బావగారూ, కనుమ మీద చలికి గొంతు పట్టేసింది" అన్నాడు.

నవ్వుకున్నాం. అప్పటికి మా మధ్య ఏమీ లేదు. టీ తాగాం. నూనెలో వేయించిన పిండి బోర్సోకులు, మీగడ, నేరేడు రంగు జామ్, అన్నీ పెట్టింది సయ్‌రా. టీ అయ్యాక బోలోత్ బానెట్ ఎత్తాడు. స్టీరింగ్ ఆయిల్ పోసే చిన్న డబ్బా అందులో ఒక పక్కన ఉంటుంది. అందులో ఆయిల్ అడుక్కి పోయింది. బోలోత్ రోడ్డు మీద కొట్టుకు నడిచి వెళ్లి ఎర్ర ఆయిల్ డబ్బా తెచ్చాడు. మా లోయలో అందరూ పోసేది అదే. అది గేర్ల ఆయిల్. గేర్లకు పోస్తారు, స్టీరింగుకు పోస్తారు, తుప్పు పట్టిన గొళ్లేనికి పోస్తారు, మా పక్కింటాయన ఒకసారి తన మోకాలికి కూడా రాసుకున్నాడు.

బోలోత్ డబ్బా నిండా పోశాడు. మూత బిగించాడు. కొత్తగా ఏదైనా పోసినా, మార్చినా, కట్టినా మా వాళ్లు ఏం చేస్తారో అదే చేశాడు. కారు ముందు నిలబడి రెండు అరచేతులూ చాచి, దారి తెల్లగా ఉండాలి, చక్రం చెప్పిన మాట వినాలి, బిడ్డ క్షేమంగా చేరాలి అని దీవెన పలికాడు. మేమందరం అరచేతులు చాచాం. ఓమిన్ అని ముఖం తుడుచుకున్నాం. నేనూ తుడుచుకున్నాను. దీన్ని దాచడం లేదు. బోలోత్ వాదనంతా దీని మీదే నిలబడింది.

ముఖం మీద నుంచి చేతులు తీసేసరికి నా కళ్లు ఆ డబ్బా మూత మీద పడ్డాయి. మూత మీద ఏదో రాసి ఉంది. పరాయి అక్షరాలు, నాకు రావు. అయినా ఒకటి ఆలోచించాను. కారు చేసినవాడు మూత మీద చోటు వృథా చెయ్యడు. వేలెడంత మూత మీద అంత శ్రమపడి రాశాడంటే, వాడు ఏదో బతిమాలుకుంటున్నాడు.

జిబెక్ చేత ఫోనులో ఆ మూతను ఫొటో తీయించి, ఆ ఫోను పట్టుకుని బజారుకు వెళ్లాను. అక్కడ విడిభాగాలు అమ్మే జూరా ఉంది. పెద్ద నోరు, మంచి మనసు. ఫొటో చూసి అడిగింది.

"ఇందులో ఏం పోశారన్నా?"

"ఎర్రది."

"ఎవరు పోశారు?"

"మా వియ్యంకుడు."

"నీ వియ్యంకుడికి ఆ కారంటే ఏమైనా పగా?"

అప్పుడు చెప్పింది. ఈ రకం కారుకు దాని సొంత ఆయిల్ ఒకటి ఉందట. లేత పసుపు రంగులో, నీళ్లలా పలచగా ఉంటుందట. మూత మీద రాసింది అదే, ఇది తప్ప వేరేది పోయొద్దని. ఎర్రది పోస్తే లోపల రబ్బరు సీళ్లు ఉబ్బి మెత్తబడతాయట. ముందు మూలుగుతుంది, తర్వాత కారుతుంది, తర్వాత ఏదో ఒక రోజు మలుపులో చక్రం రాయిలా బిగుస్తుంది. అన్ని కార్లకూ ఇలా కాదట, కొన్నిటికి ఎర్రదే సరైనదట, అందుకే లోకమంతా ఎర్రదే పోస్తుందట.

"ఒక్క రోజుకు ఏం కాదులే అన్నా. అయితే ఇది ఇవాళ కొత్తగా పోసింది కాదేమో. పాతది కూడా ఎర్రదేనేమో అడుగు" అంది.

నేను అడగక్కర్లేదు. మూలుగు విన్నాను కదా.

లీటరు సీసా తీసుకున్నాను. తెల్ల సీసా, లోపల పసుపు ఆయిల్. ఇప్పుడు లెఫ్టినెంటు బల్ల మీద, అతని టీ కప్పు పక్కన ఉన్నది ఆ సీసాయే. ఇది రాస్తూ దాన్నే చూస్తున్నాను.

ఇంటికొచ్చి బోలోత్‌కు చెప్పాను. మర్యాదగానే చెప్పాను. బోలోత్ సీసాను అటూ ఇటూ తిప్పి చూసి బల్ల మీద పెట్టేశాడు.

"ఆయిల్ ఆయిలే బావగారూ. రంగు అమ్ముకోవడానికి వేస్తారు."

"మూత మీద రాసి ఉంది బావగారూ."

"మీరు నడిపింది పాల లారీ. దానికి పవర్ స్టీరింగ్ ఎక్కడుంది? దానికున్న పవర్ మీ భుజాలు. అది బండి కాదు, చక్రాలున్న బిందె."

"ఆ బిందె ముప్పై ఏళ్లలో ఒక్క చుక్క ఒలకబోయలేదు. నీ కారు మా గేటు దగ్గర ఒలకబోసిన మరక చూశావా?"

మీర్లాన్ తల వంచుకుని బోర్సోకులు తింటున్నాడు. అన్న ముందు నోరు తెరవడు. నా ముందు కూడా తెరవడు. ఇద్దరి మధ్యా కూర్చుని ఆ పిల్లవాడు ఎన్ని తిన్నాడో.

"సరే, సీసా మంచిదే అనుకుందాం" అన్నాడు బోలోత్. "దీవెన అయిపోయింది. మీరే చేతులెత్తారు. దీవించినదాన్ని తీసి పారబోసి ఇంకోటి పోస్తే, మనం నోటితో అన్నదానికి విలువేంటి? మా అమ్మ వింటే కారు ఎక్కనివ్వదు."

"నేను బిడ్డ క్షేమంగా చేరాలని చేతులెత్తాను. ఎర్ర ఆయిల్ చల్లగా ఉండాలని ఎత్తలేదు."

అక్కడ బోలోత్ ముఖం మాడింది. ఇక చాలించమని సయ్‌రా నా కాలు తొక్కింది. చాలించాను. తెల్లవారి ఏడింటికి బయలుదేరాలని నిర్ణయమైంది. అందరూ పడుకున్నారు.

మా లోయలోంచి సారీ-బులాక్‌కు ఉన్నది ఒకటే దారి, కరా-బెల్ కనుమ. ఏప్రిల్ నెలలో పైన ఇంకా మంచు ఉంటుంది. మలుపు వెనక మలుపు. ఎడమ పక్క ఏమీ ఉండదు, గాలి తప్ప. ఆ దారిలో నేను పాలు మోశాను, నాకు తెలుసు. ఆ మలుపుల్లో మూలిగే స్టీరింగుతో, నా కూతురు, ఏడేళ్ల తర్వాత కడుపుతో. ఆ చక్రం వెనక కూర్చునేది నా కంటే ధైర్యవంతుడు. ధైర్యవంతుల్ని నేను చాలామందిని ఆ కనుమ కింద నుంచి మోసుకొచ్చాను.

శనివారం తెల్లవారుజామున లేచాను. గొర్రెలకు మందు తాగించే పెద్ద ప్లాస్టిక్ సిరంజి కొట్టంలో ఉంటుంది. దాన్ని వేడి నీళ్లతో కడిగాను, తుడిచాను. సయ్‌రా పెరుగు గిన్నె ఒకటి తీసుకున్నాను. బానెట్ ఎత్తి, మూత తీసి, సిరంజి ముక్కు లోపల పెట్టి పీల్చాను. గిన్నెలో వదిలాను. మళ్లీ పీల్చాను. నిన్న పోసిన ఎర్రది పైపైనే ఉంది. దాని కింద వచ్చింది నల్లగా ఉంది, కాలిన వాసన కొట్టింది, అందులో సన్నటి రబ్బరు పొట్టు ఉంది. గిన్నె లెఫ్టినెంటు దగ్గరే ఉంది. వేలితో తాకి చూడమన్నాను. చూశాడు. వేలు తుడుచుకోవడానికి కాగితం వెతుక్కున్నాడు.

పసుపుది పోయబోతుండగా వెనక తలుపు చప్పుడైంది. బోలోత్ బూట్లు సగం తొడుక్కుని నిలబడ్డాడు. చేతిలో మొహం తుడుచుకునే తువ్వాలు.

"ఏం చేస్తున్నారు బావగారూ?"

"నీ కారుకు విరేచనాలకు మందు వేస్తున్నాను బావగారూ."

ఆ మాట అనకుండా ఉండాల్సిందని సయ్‌రా అంటుంది. సయ్‌రా చెప్పింది సయ్‌రా రాసుకుంటుంది, నేను అన్నది నేను రాస్తున్నాను.

బోలోత్ వచ్చి సిరంజి చూశాడు, గిన్నె చూశాడు. అతని పెదవులు తెల్లబడ్డాయి. "మా నాన్న పోయాక ఆ ఇంట్లో దీవెన పలికేది నేను. దాన్ని గొర్రెల సిరంజితో పీల్చారు" అన్నాడు. పసుపు సీసా నా చేతిలోంచి లాక్కుని మెట్టు మీద పెట్టాడు. ఒక్క చుక్క పోసినా ఊరుకోనన్నాడు. మళ్లీ ఎర్రదే పోస్తానన్నాడు. అతని డబ్బా ఖాళీ, రోడ్డు మీది కొట్టు తొమ్మిదింటికి గానీ తెరవరు. ఈలోగా ఊరికే కూర్చోవడం ఎందుకనుకున్నాడో ఏమో, సరాసరి నడిచి స్టేషనుకు వచ్చాడు.

తొమ్మిదిన్నరకు లెఫ్టినెంటు ఆదిలెత్ అతనితో కలిసి మా ఇంటికి వచ్చాడు. సిరంజి, గిన్నె, మూత తీయని పసుపు సీసా, మూడూ సాక్ష్యం కింద తీసుకున్నాడు. సయ్‌రా "గిన్నె ఎందుకు బాబూ, అందులో పెరుగు తోడేస్తాను" అంది. "సాక్ష్యం అవ్వా" అన్నాడు.

అప్పుడు లోపల్నుంచి జిబెక్ పిలిచింది. "నాన్నా" అని. ఒక్కసారే. బిగ్గరగా కాదు. ఆ పిలుపు నాకు తెలుసు. చిన్నప్పుడు గుర్రం మీంచి పడి చెయ్యి విరిగినప్పుడు కూడా అలాగే, ఒక్కసారే పిలిచింది.

నొప్పులు మొదలయ్యాయి. పదిహేను రోజుల ముందు.

పక్కింటాయన కారులో మా ఊరి ఆసుపత్రికి తీసుకెళ్లాం, రెండు వీధుల అవతల. ఇక్కడ బోలోత్ గురించి ఒక మాట రాయాలి, రాయకపోతే నేను మనిషిని కాను. నా మీద అప్పుడే ఫిర్యాదు పెట్టిన మనిషి, ఆసుపత్రి గేటు తీయించడానికి అందరికంటే ముందు పరుగెత్తాడు. యాభై ఎనిమిదేళ్లవాడు, లావుపాటివాడు, బూటు లేసులు కట్టుకోకుండా పరుగెత్తాడు.

ఏడింటికి బయలుదేరి ఉంటే ఆ సమయానికి కనుమ మీద ఉండేవాళ్లు. నాకు ముందే తెలిసి చేశానని నేను అనడం లేదు. నాకు తెలియదు. నేను కాపాడాలనుకున్నది స్టీరింగును. కానీ నొప్పులు మా వంటింట్లో మొదలయ్యాయి, కరా-బెల్ మీద కాదు. ఇది ఎవరూ కొట్టెయ్యలేరు.

నాలుగింటికి నన్ను స్టేషనుకు పిలిచారు. వచ్చి బెంచీ మీద కూర్చున్నాను. లెఫ్టినెంటు పేరు అడిగాడు, వయసు అడిగాడు. అయిదు దాటాక తలుపు గోడకు కొట్టుకునేంత గట్టిగా తెరుచుకుంది. బోలోత్. టోపీ లేదు, చొక్కా గుండీలు వంకరగా పెట్టుకున్నాడు.

"సుయుంచు, బావగారూ, సుయుంచు! ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు. గొంతు ఉందండీ, గొంతు, ఆసుపత్రి అద్దాలు అదిరాయి."

లేచి అతన్ని కావిలించుకున్నాను. ఏడ్చాను. అతనూ ఏడ్చాడు. ఇద్దరు ముసలివాళ్లం పోలీసు స్టేషను మధ్యలో నిలబడి ఒకరి వీపు ఒకరం బాదుకున్నాం. నాకు మనవరాలు పుట్టింది. ఏడేళ్ల తర్వాత నాకు మనవరాలు పుట్టింది. సంబంధం లేని సంగతులు రాయకండని లెఫ్టినెంటు ఇప్పుడే అన్నాడు. నాకు మనవరాలు పుట్టింది. దీనికి సంబంధం లేని సంగతి ఈ కాగితంలో ఒక్కటి కూడా లేదు.

వీపు బాదుకోవడం అయ్యాక బోలోత్‌కు కేసు గుర్తొచ్చింది. ఒక అడుగు వెనక్కి వేశాడు. అయినా చెయ్యి చాచే ఉంచాడు. శుభవార్త తెచ్చినవాడికి కానుక ఇవ్వాలి. ఇచ్చినదాన్ని అతను కాదనకూడదు. ఇది లెఫ్టినెంటుకు కూడా తెలుసు.

నా జేబులో ఒక రుమాలు, ఇంటి తాళం చెవి ఉన్నాయి. అటూ ఇటూ చూశాను. బల్ల మీద నా సీసా కనిపించింది.

"అదిగో నీ సుయుంచు" అన్నాను. "ఆ పసుపు సీసా. తీసుకో."

బోలోత్ సీసాను చూశాడు. నన్ను చూశాడు. అతని మెడ కింది నుంచి ఎర్రబడుతూ వచ్చింది. నా గదిలో గడియారం అడిగినా ఇచ్చేవాణ్ని, గొర్రెను అడిగినా ఇచ్చేవాణ్ని. కానీ అతను అడగలేదు, నేను ఇచ్చాను. ఇచ్చింది కాదనలేడు.

"ముసలి తోడేలువి నువ్వు" అన్నాడు. బావగారూ అనలేదు. చెయ్యి సీసా మీద వేశాడు.

లెఫ్టినెంటు అతని చేతి మీద చెయ్యి వేశాడు. "అది సాక్ష్యం. కేసు తేలేదాకా ఇక్కడే ఉంటుంది."

"నాకిచ్చిన కానుక" అన్నాడు బోలోత్.

"మీ ఫిర్యాదులోనే కదండీ దీని ప్రస్తావన ఉంది."

"ఫిర్యాదు ఫిర్యాదే. కానుక కానుకే."

"ఇవ్వు బాబూ, అతనిదే అది" అన్నాను నేను.

లెఫ్టినెంటు మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "మీ ఇద్దరిలో ఫిర్యాదుదారు ఎవరో, ముద్దాయి ఎవరో ముందు తేల్చుకురండి" అన్నాడు. సీసా మాత్రం ఇవ్వలేదు. బోలోత్ విసురుగా వెళ్లిపోయాడు, తలుపును మాత్రం నెమ్మదిగా వేశాడు.

ఇదీ జరిగింది. ఇప్పుడు లెఫ్టినెంటు కింద సంతకం పెట్టమంటున్నాడు. నేను పెట్టను. మంగళవారం తల్లినీ బిడ్డనూ ఇంటికి పంపుతామని ఆసుపత్రిలో చెప్పారు. ఆ కారులోనే, ఆ కనుమ మీదుగానే, బోలోత్ చేతి మీదుగానే నా మనవరాలు వెళ్లాలి. అది వాళ్ల బిడ్డ, వాళ్ల కప్పు కిందికి వెళ్లాలి, నేను కాదనను. కానీ ఆ డబ్బాలో పసుపుది ఉండాలి. సీసా బోలోత్ చేతికి వెళ్లేదాకా ఈ కాగితం సంతకం లేకుండానే ఉంటుంది. కావాలంటే నన్ను ఈ బెంచీ మీదే ఉంచండి. బెంచీ మెత్తగానే ఉంది. ఈ రోజు నాకు ఏ బెంచీ అయినా మెత్తగానే ఉంటుంది.

ఇక్కడ ఆపుతున్నాను.

ఇవాళ మంగళవారం. మళ్లీ అదే స్టేషను, అదే బెంచీ. మిగతాది రాస్తున్నాను.

శనివారం నన్ను బెంచీ మీద ఉంచలేదు, ఇంటికి పంపేశారు. ఆదివారం పొద్దున్నే మళ్లీ వచ్చాను. సీసా ఇమ్మన్నాను. ఇవ్వనన్నాడు. నేను కూర్చున్నాను. కాసేపటికి బోలోత్ వచ్చాడు. నా వైపు చూడకుండా లెఫ్టినెంటుతో "నా సుయుంచు ఎక్కడ?" అన్నాడు. నాకు ఎదురుగా కూర్చున్నాడు. సయ్‌రా మాకు అన్నం పంపింది. ఒకే గిన్నెలో పంపింది, కావాలనే. ఒకే గిన్నెలో తిన్నాం, మాట్లాడుకోలేదు. మాంసం ముక్క ఒకటి మిగిలితే అతను నా వైపు నెట్టాడు, నేను అతని వైపు నెట్టాను. చివరికి లెఫ్టినెంటుకు పెట్టాం.

అతను అది నమిలి మింగి, లేచి బీరువా తీశాడు. గిన్నెలో ఉన్నదే అసలు సాక్ష్యమనీ, మూత తీయని సీసాకు కేసుతో పని లేదనీ ఒక కాగితం రాసుకున్నాడు. బోలోత్ చేత సంతకం పెట్టించుకుని సీసా ఇచ్చాడు.

"మరి కారు?" అన్నాను.

"కారు సంగతి మీకెందుకు?" అన్నాడు బోలోత్.

"సిరంజి నాది."

బోలోత్ సీసాను చంకలో పెట్టుకున్నాడు. "సిరంజి కూడా ఇవ్వండి" అన్నాడు లెఫ్టినెంటుతో.

కారు మా ఇంటి ముందే ఉంది, శనివారం నుంచి కదల్లేదు. అతను ఆ ఎర్ర ఆయిల్ మళ్లీ కొనలేదు. ఎందుకు కొనలేదని నేను అడగలేదు. అడగకూడనిది కొంత నాకూ తెలుసు. పసుపుది పోశాడు. ఇంజను ఆన్ చేసి చక్రం ఈ కొస నుంచి ఆ కొస దాకా తిప్పాడు. మూలిగింది. లోపల గొట్టాల్లో పాతది ఇంకా ఉంది కదా. నేను సిరంజితో పీల్చాను, ఎర్రగా, నురగగా వచ్చింది. అతను మళ్లీ పోశాడు, మళ్లీ తిప్పాడు. నేను పీల్చాను. అతను పోశాడు. పొట్టు తగ్గింది. రంగు తేలికపడింది. సీసా అడుక్కి వచ్చేసరికి సిరంజిలోకి తేనె కంటే పలచని పసుపు వచ్చింది. మేం ఏం చేస్తున్నామో చూడ్డానికి మీర్లాన్ వచ్చి, మళ్లీ లోపలికి వెళ్లిపోయాడు. ఏ పక్క నిలబడాలో తెలియక అనుకుంటాను.

అన్నీ అయ్యాక మూత బిగించాడు. మూత మీది అక్షరాలను తువ్వాలుతో తుడిచాడు. అప్పుడు నా వైపు తిరిగాడు.

"వయసులో పెద్దవారు మీరు" అన్నాడు. అంతే.

నేను అరచేతులు చాచాను. దారి తెల్లగా ఉండాలన్నాను. చక్రం చెప్పిన మాట వినాలన్నాను. శుక్రవారం అతను పలికిన మాటలే, ఒక్కటి కూడా మార్చలేదు. అతనికి అది అర్థమైంది. అతనూ ఓమిన్ అని ముఖం తుడుచుకున్నాడు. ఇప్పుడు చెప్పమనండి, దీవెనను ఎవరు పీల్చి పారేశారో. దీవెన ఎక్కడికీ పోలేదు. ఆయిల్ మారింది, అంతే.

ఫిర్యాదు వెనక్కి తీసుకుంటావా అని నేను అడగలేదు. "ఫిర్యాదు ఉంటుంది బావగారూ. రాసింది రాసిందే" అని తనే అన్నాడు. "ఉండనీ బావగారూ, నా వాంగ్మూలం కూడా ఉంటుంది" అన్నాను. మా ఇద్దరికీ అది న్యాయంగానే అనిపించింది.

ఈ రోజు పదకొండు గంటలకు జిబెక్‌నూ పాపనూ ఆసుపత్రి నుంచి పంపారు. నేను గేటు దగ్గర పాపను ఎత్తుకున్నాను. ముఖం బోలోత్‌ది. దానికి ఎవరం ఏం చేయలేం. నన్ను స్టేషనుకు రమ్మన్నారు కాబట్టి కారు ఎక్కించి, ఇక్కడికి నడిచి వచ్చాను. ఈ కిటికీలోంచి ఆసుపత్రి వీధి, కనుమ దారి కలిసే మలుపు కనిపిస్తుంది.

కారు వచ్చింది. బోలోత్ చక్రం దగ్గర, పక్కన మీర్లాన్, వెనక నా కూతురు, ఆమె ఒళ్లో మూట. మలుపు దగ్గర బోలోత్ ఒంటిచేత్తో తిప్పాడు. రెండో చేతిని కిటికీలోంచి బయటికి పెట్టి నాకు చూపించాడు, ఊపలేదు, ఊరికే చూపించాడు.

కిటికీ తెరిచి విన్నాను. లెఫ్టినెంటు కూడా లేచి వచ్చి నా పక్కన నిలబడి విన్నాడు. అతని పేరు సాక్షిగా రాస్తున్నాను. ఆ మలుపులో మాకు నా మనవరాలి ఏడుపు వినిపించింది. ఇంకేమీ వినిపించలేదు.

ఇందులో రాసినదంతా జరిగినదే. ఎవరూ నా చేత బలవంతంగా రాయించలేదు, రాయకుండా ఆపబోయారు కానీ ఆగలేదు. ఆయిల్ తోడింది నేనే. మళ్లీ ఆ కారు మా గేటులోకి మూలుగుతూ వస్తే మళ్లీ తోడతాను. సిరంజి కడిగి కొట్టంలో పెట్టాను. దీనికి ఏ శిక్ష వేసినా సమ్మతమే, తప్పని ఒప్పుకోవడానికి మాత్రం సమ్మతం కాదు.

చదువుకుని, సరిగ్గా ఉందని చూసుకుని, నా చేత్తో సంతకం పెట్టాను.

షార్షెన్, తోకెన్ కొడుకు, జిబెక్ తండ్రి.
పేరు ఇంకా పెట్టని పాపకు తాత.